అరెస్టుకు ముందు అభయం

2025 సంక్రాంతి వెళ్ళిన వారానికి, రాత్రి పదిగంటలప్పుడు, నా బాల్యమిత్రుడొకడు మా ఇంటి తలుపు తట్టాడు. ముప్ఫయ్యేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. చేతిలో చిన్న గుడ్డసంచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఒరేయ్, పోలీసులు రాకముందే బెయిలు అడిగితే, తప్పు ఒప్పుకున్నట్టే గదా?” అన్నాడు.

సంగతి మెల్లగా తెలిసింది. అతని కొడుకు ఒక టోకు మందుల వ్యాపారసంస్థలో క్యాషియరు. ఏడాది చివరి తనిఖీలో నగదు పదకొండు లక్షల పైచిలుకు తక్కువ తేలింది. గల్లాపెట్టె తాళం ఒకటే గాని, కంప్యూటరులోకి పోయే సంకేతపదం ముగ్గురికి తెలుసు. ఆ ముగ్గురిలో ఒకాయన అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. రోజువారీ నగదు పట్టీల మీద సంతకాలు మాత్రం ఈ పిల్లవాడివి. వారంలోగా సొమ్ము కట్టకపోతే పోలీసు స్టేషనుకు వెళతామని యజమాని కబురు పంపాడు. సంచిలో ఉన్నవి ఆ పట్టీల నకళ్ళు.

నేను న్యాయవాదిని కాను. ఒక సహకార సంఘంలో ఇరవై తొమ్మిదేళ్ళు చిట్టా, ఆవర్జా వ్రాసిన గుమాస్తాను. ఆ రాత్రి మిత్రుడి ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. తెల్లవారి ఒక వకీలుగారి దగ్గరకు తీసుకువెళ్ళి కూర్చోబెట్టాను. తరువాతి నెలల్లో మాత్రం ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. పట్టుకోకముందే విడుదల అడిగే ఈ వింత హక్కు మన దేశంలోకి ఎట్లా వచ్చింది? ఎవరి కోసం వచ్చింది? చదివి తెలుసుకున్నది మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

కొలువులో ఉన్నవాడు యజమాని సొమ్ము తినడం కొత్త సంగతి కాదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరులో అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో, రాజోద్యోగులు ధనం అపహరించే పద్ధతులు నలభై అని లెక్కవేసి చెప్పారు. వాటిలో సగానికి పైగా మా సంఘం తనిఖీ అధికారులు ఈనాటికీ వెతికేవే. వచ్చిన సొమ్ము వ్రాయకపోవడం, రానిది వచ్చినట్టు వ్రాయడం, ఒకరి జమ మరొకరి పేర చూపడం.

ఇక మన తెలుగునాట ఈ మాట ఎత్తితే ముందుగా గుర్తుకు రావలసినవాడు కంచెర్ల గోపన్న. నేలకొండపల్లి వాడు. గోల్కొండను అబుల్ హసన్ తానీషా ఏలుతున్న రోజుల్లో, అంటే 1672 తరువాత, పాల్వంచ పరగణాకు తహశీల్దారు. వసూలైన శిస్తు ఖజానాకు చేర్చవలసిన ఉద్యోగి. ఆ సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. ఫలితం గోల్కొండ చెర. పన్నెండేళ్ళని జనశ్రుతి. ఆయన ఉన్నాడని చెప్పే ఖైదుగదిని కోటలో ఇప్పటికీ చూపిస్తారు. సాక్షాత్తూ మేనమామలు అక్కన్న మాదన్నలు దర్బారులో చక్రం తిప్పుతున్నా ఆ చెర తప్పలేదు.

భక్తులు కోపగించకుందురు గాక, గుమాస్తా కళ్ళతో ఈ కథ చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, గోపన్న తన కోసం ఒక్క కాసూ వాడుకోలేదు. అయినా తరువాతి కాలపు శిక్షాస్మృతి ప్రకారం అది రక్షణ కాదు. తనకు లాభం కలగకపోయినా, సొమ్ము హక్కుదారుకు అక్రమంగా నష్టం కలిగించాలన్న ఉద్దేశం ఉంటే చాలు, దాన్ని నిజాయితీ లేని పనే అంటుంది ఆ చట్టం. రెండవది, ఆ ఖైదు శిక్ష కన్నా వసూలు సాధనంలా పనిచేసింది. సొమ్ము ముట్టేదాకా చెర. కథలో రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చి చెల్లుచీటీ తీసుకున్నాక గాని తలుపు తెరుచుకోలేదు. మనిషిని బంధించి డబ్బు రాబట్టడమనే ఆ ఆలోచన గోల్కొండతో పోలేదు. 1864 నాటి మద్రాసు రెవెన్యూ వసూళ్ళ చట్టంలో కూడా బకాయిదారును ఖైదు చేసే వీలు ఉంచారు. నా మిత్రుడికి వచ్చిన కబురులో వినిపించిందీ అదే.

ఇంగ్లండులో ఈ నేరానికి పేరు పెట్టడానికే చాలా కాలం పట్టింది. అక్కడి పాత చట్టంలో దొంగతనమంటే ఇంకొకరి స్వాధీనంలో ఉన్న వస్తువును ఎత్తుకుపోవడం. మరి నమ్మి చేతికిచ్చిన సొమ్మును దాచుకుంటే? 1799లో లండనులో జోసెఫ్ బేజ్‌లీ అనే బ్యాంకు గుమాస్తా ఒక ఖాతాదారు ఇచ్చిన సొమ్ము పుచ్చుకున్నాడు. ఖాతాలో సరిగ్గా జమకట్టాడు. కాని అందులోని వంద పౌన్ల నోటు ఒకటి గల్లాలో వేయకుండా జేబులో వేసుకున్నాడు. ఆ నోటు ఒక్క క్షణమైనా బ్యాంకు స్వాధీనంలోకి రాలేదు గనుక బ్యాంకు నుంచి దొంగిలించినట్టు కాదని న్యాయమూర్తులు తేల్చారు. లెక్కల పుస్తకం సరిగ్గానే ఉంది, సొమ్ము లేదు, నేరమూ లేదు! పార్లమెంటు కంగారుపడి ఆ ఏడాదే గుమాస్తాలూ నౌకర్లూ యజమాని తరఫున పుచ్చుకున్న సొమ్ము కాజేయడాన్ని ప్రత్యేక నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది.

మెకాలే 1837లో ముసాయిదా సిద్ధపరచగా 1860లో చట్టమై 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతిలో ఇటువంటి చిక్కు రాకుండా వేరే దారి తొక్కారు. 405వ సెక్షనులో నమ్మకద్రోహం అనే నేరాన్నే నిర్వచించారు. సొమ్ము అప్పగింత జరగాలి, దాన్ని నిజాయితీ లేకుండా వాడుకోవాలి. ఈ రెండూ ఉంటేనే నేరం. 408వ సెక్షను గుమాస్తాకూ నౌకరుకూ ఏడేళ్ళ వరకు ఖైదు విధించింది. 409 ప్రభుత్వోద్యోగులకూ, బ్యాంకర్లకూ, ఏజెంట్లకూ యావజ్జీవం వరకు పోయింది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవన్నీ 316వ సెక్షను గూటికి చేరాయి. గుమాస్తా సంగతి నాలుగవ ఉపసెక్షనులో ఉంది. శిక్ష మారలేదు.

ఇక్కడొక విశేషం చెప్పాలి. 1973లో ఆ 405కే ఒక వివరణ చేర్చారు. జీతంలోంచి భవిష్యనిధి చందా కోసుకున్న యజమానికి ఆ సొమ్ము అప్పగించినట్టే లెక్క. దాన్ని నిధికి కట్టకపోతే నమ్మకద్రోహి ఆయనే. 1975లో ఉద్యోగుల బీమా చందాకూ అదే వర్తింపజేశారు. నూటపదేళ్ళకు పైగా కింది నుంచి పైకి మాత్రమే చూసిన సెక్షను అప్పుడు పై నుంచి కిందికీ చూడడం నేర్చుకున్నది.

‘అప్పగింత’, ‘నిజాయితీ లేకుండా’ అనే రెండు మాటలు నాకు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 1981లో, నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ఒక సాయంత్రం నా గల్లాలో 412 రూపాయలు తక్కువ వచ్చింది. నా జీతం అంతకు తక్కువ. మూడుసార్లు కూడాను, చెమటలు పట్టాయి. మా హెడ్ గుమాస్తాగారు తన జేబులోంచి ఆ సొమ్ము తీసి గల్లాలో వేసి, “రేపు తీరికగా వెతుకు” అని లాంతరు తగ్గించారు. మర్నాడు దొరికింది. పేజీ తిప్పినప్పుడు ముందరి పేజీ మొత్తాన్ని తప్పుగా ఎక్కించుకున్నాను. సొమ్ము ఎక్కడికీ పోలేదు, పోయిందని పుస్తకం చెప్పింది. తరుగు వేరు, తస్కరణ వేరు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక పెద్దమనిషి ఆ రాత్రికి తన జేబుతో పూడ్చారు. ఆయన స్థానంలో వేరొకరుంటే? ఆ రాత్రి నేను ఎక్కడ పడుకునేవాణ్ణి?

ఇప్పుడు అసలు కథ. 1898 నాటి నేరవిచారణ స్మృతిలో ముందస్తు బెయిలు అన్న మాటే లేదు. బెయిలంటే నిర్బంధంలో ఉన్నవాణ్ణి పూచీకత్తు మీద విడవడం. పట్టుబడనివాణ్ణి విడవడమేమిటి? అయితే ఆ స్మృతిలోని 498వ సెక్షను హైకోర్టుకు ‘ఏ సందర్భంలోనైనా’ బెయిలిచ్చే విశాలమైన అధికారం ఇచ్చింది. దాని అర్థమెంత అన్నదే తగవు. దేశవిభజన జరిగిన రెండేళ్ళకు, 1949లో, ఒకే సెక్షను మీద సరిహద్దుకు ఇరువైపులా రెండు తీర్పులు వచ్చాయి. లాహోరు హైకోర్టు హిదాయతుల్లా ఖాన్ కేసులో, అరెస్టుకు ముందు కూడా బెయిలివ్వవచ్చునన్నది. తూర్పు పంజాబు హైకోర్టు పూర్తి ధర్మాసనం అమీర్ చంద్ కేసులో, కుదరదన్నది. పాకిస్తాను తన దారిని న్యాయస్థానాల తీర్పులతోనే నిర్మించుకున్నది. మనకు శాసనం వచ్చేదాకా పాతికేళ్ళు ఆగవలసివచ్చింది.

1969 సెప్టెంబరులో లా కమిషను తన 41వ నివేదిక ఇచ్చింది. అప్పటి అధ్యక్షుడు కె.వి.కె. సుందరం. ముందస్తు బెయిలు అవసరమని అందులో సిఫారసు చేస్తూ చూపిన ప్రధాన కారణం గమనించదగ్గది. పలుకుబడి గలవారు తమ ప్రత్యర్థులను అవమానపరచడానికి తప్పుడు కేసుల్లో ఇరికించి నాలుగురోజులు జైల్లో ఉంచే ప్రయత్నం చేస్తున్నారని, రాజకీయ స్పర్ధలు ముదిరినకొద్దీ ఇది పెరుగుతున్నదని. ఇంకొక కారణం కూడా చెప్పారు. పారిపోడని, బెయిలును దుర్వినియోగం చేయడని నమ్మకమున్న మనిషిని ముందు కస్టడీకి పంపి, కొన్నాళ్ళు జైల్లో ఉంచి, ఆ తరువాత బెయిలు అర్జీ పెట్టుకోమనడంలో అర్థం లేదని. 1972లో వచ్చిన 48వ నివేదిక దీన్ని బలపరచింది. ఆ విధంగా 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త స్మృతిలో 438వ సెక్షను పుట్టింది. హైకోర్టుకూ సెషన్స్ కోర్టుకూ ఆ అధికారం ఇచ్చారు.

శిశువు పుట్టిన పదిహేను నెలలకే ఎమర్జెన్సీ వచ్చింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం తన రాష్ట్రానికి ఆ సెక్షనే వర్తించకుండా 1976లో సవరణ చేసి తొలగించింది. మళ్ళీ అక్కడ అది అమలులోకి వచ్చింది 2019 జూనులో! నలభై మూడేళ్ళపాటు దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రంలో ఒక గుమాస్తాకు ఈ తలుపు మూసే ఉంది. ఆ తొలగింపు రాజ్యాంగవిరుద్ధం కాదని సుప్రీం కోర్టు 1994లో కర్తార్ సింగ్ కేసులో చెప్పింది. అక్కడివాళ్ళు అరెస్టు ఆపించుకోవడానికి రిట్ పిటిషన్లతో హైకోర్టు మెట్లెక్కవలసివచ్చేది. ఖర్చు భరించగలిగినవాడికే ఆ మెట్లు.

ఈ హక్కుకు రూపురేఖలు దిద్దిన కేసు ఒక గుమాస్తాది కాదు, ఒక మంత్రిది. పంజాబులో కాంగ్రెసు మంత్రివర్గంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలు చూసిన గురుబక్ష్ సింగ్ సిబ్బియా మీద అవినీతి ఆరోపణలు వచ్చాయి. ఆయన ముందస్తు బెయిలు కోరితే పంజాబు హర్యానా హైకోర్టు పూర్తి ధర్మాసనం 1977 సెప్టెంబరులో తిరస్కరించింది. ఊరకే తిరస్కరించలేదు. ఇది అసాధారణమైన అధికారమనీ, అరుదుగా వాడాలనీ, శాసనంలో లేని షరతులు అనేకం పేర్చింది. అప్పీలు సుప్రీం కోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వెళ్ళింది. 1980 ఏప్రిల్ 9న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ తీర్పు వ్రాశారు. ఆ అయిదుగురిలో మన తెలుగువారు ఓ. చిన్నప్ప రెడ్డిగారు ఒకరు.

ఆ తీర్పు సారాంశం నాకు అర్థమైనంత మేరకు ఇది. శాసనసభ పెట్టని కంచెలు కోర్టులు పెట్టరాదు. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి గనుక, స్వేచ్ఛను కాపాడే సెక్షనును ఇరుకు చేసి చదవరాదు. ఎఫ్.ఐ.ఆర్. నమోదు కాకపోయినా అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఊరకే భయమేస్తున్నదంటే చాలదు, అరెస్టు చేస్తారని నమ్మడానికి సహేతుకమైన కారణాలు చూపాలి. ఏ నేరమైనా సరే, ఎప్పుడైనా సరే పట్టుకోవద్దనే గంపగుత్త ఉత్తర్వు ఇవ్వకూడదు. అరెస్టయిన తరువాత ఈ అర్జీకి చోటు లేదు, మామూలు బెయిలే అడగాలి. మామూలు బెయిలు అరెస్టు తరువాత విడుదల, ఇది అరెస్టయిన క్షణంలోనే ఫలించే విడుదల. తేడా అంతే.

ఆ ‘తేడా అంతే’ అన్నచోటే నా మిత్రుడి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. పోలీసులు పట్టుకున్న తరువాత బెయిలడిగినవాణ్ణి తప్పు ఒప్పుకున్నాడని ఎవరూ అనరు. ముందుగా అడిగినవాడూ అంతే. పైగా ఇతను తానెక్కడున్నాడో, ఏ ఊరివాడో, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తానని కోర్టుకు వ్రాసి ఇస్తున్నాడు. పారిపోయేవాడు చేసే పని కాదది.

ఆ తరువాత కూడా తగవులు ఆగలేదు. ఈ బెయిలు కొద్దివారాలకే పరిమితం చేయాలని 1995లో సుప్రీం కోర్టు సలావుద్దీన్ కేసులో అన్నది. అక్కరలేదని 2010 డిసెంబరులో మ్హేత్రే కేసులో అన్నది. చివరకు 2020 జనవరి 29న సుశీలా అగర్వాల్ కేసులో అయిదుగురి ధర్మాసనం, సాధారణంగా కాలపరిమితి అవసరం లేదనీ, ప్రత్యేక కారణాలుంటే కోర్టు పెట్టవచ్చుననీ తేల్చింది. ఈలోగా 2014 జులైలో అర్నేశ్ కుమార్ కేసులో, ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయరాదనీ, అవసరమేమిటో కారణాలు వ్రాయాలనీ, లేకుంటే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలనీ ఆదేశం వచ్చింది. ఆ కేసు వరకట్నపు తగాదాలో పుట్టినా, ఏడేళ్ళ వరకు శిక్షపడే నేరాలన్నిటికీ వర్తిస్తుందని తీర్పులోనే వ్రాశారు. గుమాస్తా నమ్మకద్రోహమూ ఆ గీతలోపలే ఉంది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో ఆ నోటీసు 35వ సెక్షనుకూ, ముందస్తు బెయిలు 482వ సెక్షనుకూ మారాయి.

మా పిల్లవాడి అర్జీ జిల్లా సెషన్స్ కోర్టులో పడింది. పబ్లిక్ ప్రాసిక్యూటరుకు నోటీసు వెళ్ళింది. సొమ్ము రాబట్టాలంటే నిందితుణ్ణి కస్టడీలోకి తీసుకోక తప్పదని ఆయన వాదించారు. మా వకీలుగారు 2023 జులైలో రమేశ్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు చెప్పినది చూపారు. ఫిర్యాదుదారుకు రావలసిన సొమ్ము వసూలు చేసిపెట్టడం బెయిలు కోర్టు పని కాదనీ, ఫలానా మొత్తం కడితేనే ముందస్తు బెయిలు అనే షరతు మామూలుగా పెట్టరాదనీ అందులో ఉంది. గోల్కొండ చెరసాల నుంచి ఈ మాట దాకా మూడు శతాబ్దాలకు పైనే పట్టిందని నేను వెనక బల్ల మీద కూర్చుని అనుకున్నాను. పుస్తకాలూ కంప్యూటర్లూ అన్నీ సంస్థ చేతిలోనే ఉన్నాయి గనుక సాక్ష్యం తారుమారు చేసే వీలు పిల్లవాడికి లేదని కూడా వకీలుగారు చెప్పారు. బెయిలు వచ్చింది. ఇద్దరి పూచీకత్తు, వారానికి రెండుసార్లు స్టేషనులో సంతకం, సాక్షుల జోలికి పోరాదు, అనుమతి లేకుండా దేశం దాటరాదు. పూచీకత్తుల్లో ఒకటి నాది.

కేసు ఇంకా నడుస్తున్నది. పిల్లవాడు నిర్దోషి అని నేను ఇక్కడ వ్రాయడం లేదు. నాకు తెలియదు. నకళ్ళ పట్టీలు రెండు రాత్రులు కూర్చుని చూశాను. కొన్నిచోట్ల కూడిక తప్పులున్నాయి, కొన్నిచోట్ల కొట్టివేతలున్నాయి. మూడో మనిషి పుస్తకాలు చూడనిదే ఎవరూ ఏమీ చెప్పలేరు. అతను ఒకసారి మా ఇంటికి వచ్చి, “బాబాయ్, నువ్వైనా నన్ను అడగవేం?” అన్నాడు. అడగవలసింది కోర్టు, నేను పూచీ ఉన్నది నువ్వు పిలిచినప్పుడు వస్తావని మాత్రమే, అని చెప్పాను. నా 412 రూపాయల కథ కూడా చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు.

ఈ హక్కు పలుకుబడి గలవారి తగవుల కోసం పుట్టిందనీ, మంత్రులు దాన్ని గెలుచుకున్నారనీ, పెద్ద వకీళ్ళను పెట్టుకోగలిగినవారికే ఎక్కువగా అందుతుందనీ అనేవాళ్ళున్నారు. కాదనలేను. కాని మంత్రి కోసం తెరిచిన తలుపులోంచి ఒక లెక్కల మాస్టారి కొడుకు కూడా లోపలికి వచ్చాడు. దోషి అయితే శిక్ష ఉండనే ఉంది, ఏడేళ్ళ వరకు. శిక్ష కంటే ముందే శిక్ష పడకూడదన్నదే ఈ సెక్షను కోరేది.

బెయిలు ఉత్తర్వు వచ్చిన సాయంత్రం మిత్రుడి ఇంటికి వెళ్ళాను. వీధి గుమ్మం పక్కన ఒక సంచి ఉంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, పళ్ళపొడి. పోలీసులు ఏవేళ వచ్చినా పిల్లవాడు చేతపట్టుకుని వెళ్ళడానికి వాళ్ళమ్మ పదిరోజులుగా సర్ది ఉంచిందట. “ఇక లోపల పెట్టమ్మా” అన్నాను. “ఉండనీ అన్నయ్యా, కేసు తేలాక తీస్తాను” అన్నది ఆవిడ.

మొన్న వెళితే, అక్కడే ఉంది.

న్యాయశాస్త్రం తెలిసిన మిత్రులు నా వ్రాతలో పొరపాట్లుంటే చెప్పండి, సవరించుకుంటాను.